కంట్లో అక్కి, హాల్లో బంతాట

నా కుడికన్ను గురించి ఆళ్లగడ్డలో రెండు మాటలు తిరుగుతున్నాయి. పూర్తిగా పోయిందని పాలకేంద్రం దగ్గర అనుకుంటున్నారట. ఏమీ కాలేదు, కొడుకు ఇంట్లో కూర్చుని తినడానికి నాటకమని మా వీధి చివర అనుకుంటున్నారట. రెండూ నిజం కాదు. వెలుతురు తెలుస్తుంది. మనిషి వాకిట్లో నిలబడితే ఆకారం తెలుస్తుంది. అక్షరం తెలియదు. ఉన్నది ఇంత. ఇది కూడా నిలబడదేమో అన్న భయంతో ఈ ఎండాకాలమంతా గడిపాను.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. రాయడం నా పని కాదు. అయినా రాస్తున్నాను. అక్కి వచ్చినవాళ్ళు, ముఖ్యంగా ముఖం మీద వచ్చినవాళ్ళు, నాలాగా రోజులు పోగొట్టుకోకూడదని ఒక కారణం. ఇంకోటి ఏమంటే, మంచం మీద పడ్డ మనిషికి నొప్పి వస్తుంది, భయం వస్తుంది అని అందరూ చెబుతారు. కుళ్ళు వస్తుందని ఎవరూ చెప్పరు. నాకు వచ్చింది. కంటి నొప్పికైనా మాత్ర ఉంది, దానికి లేదు.

*మార్చి చివర, ఆళ్లగడ్డ*

చింతపండు కొట్టే రోజులు. అరుగు మీద కూర్చుని గింజ తీస్తుంటే నుదుటి మీద కుడిపక్క చీమలు పాకినట్టు అనిపించింది. తుడిస్తే ఏమీ లేదు. మరుసటి రోజుకు అదే చోట నిప్పు పెట్టినట్టు మంట. ఆ తర్వాత పొక్కులు, కనుబొమ్మ దాకా వరసగా.

పక్కింటి రామలక్షుమ్మ చూసి, "అక్కి మే ఇది. సూదిమందుకు పోతే లోపలికి తిరుక్కుంటాది. పుల్లన్నను పిలిపించు," అంది.

మా వైపు అక్కి వస్తే కుమ్మరి చేత రాయిస్తారు. కావిమట్టి నూరి, పొక్కుల చుట్టూ గీత గీసి, మధ్యలో సింహం బొమ్మ వేస్తాడు. సింహాన్ని చూస్తే అక్కి పాకకుండా ఆగిపోతుందని నమ్మకం. నా చిన్నతనంలో మా అమ్మ వీపు మీద వేశారు. పెళ్ళైన కొత్తలో నా నడుము మీద వేశారు. రెండుసార్లూ తగ్గింది. తగ్గిన దాన్ని నమ్మకుండా ఎట్లా ఉంటాం?

కుమ్మరి పుల్లన్న వచ్చి నా ముఖం చూసి కాసేపు గిన్నెలో పుల్ల తిప్పుతూ ఉండిపోయాడు.

"వీపయితే తావుంటాది పెద్దమ్మా. నుదురు మీద సింహం చిన్నదైపోతాది."

"చిన్నదైతే ఏం, సింహమే కదా. రాయి," అన్నాను.

రాశాడు. రాసిన చోట నీళ్ళు తగలకూడదు, ఉప్పూ పులుపూ తినకూడదు. నేను పత్యం తప్పే మనిషిని కాను. చప్పటి మెతుకులు తిని, ముఖం కడగకుండా కూర్చున్నాను. మార్చి ఎండకు చెమట పట్టి కావిమట్టి కరిగి కంట్లోకి దిగింది. ముక్కు కొన మీద కూడా ఒక పొక్కు లేచింది. రెప్ప వాచి కన్ను మూసుకుపోయింది. మూసుకున్న కన్ను లోపల ఎవరో ఇసుక పోసి రుద్దుతున్నట్టు నొప్పి.

అప్పుడు నంద్యాలలో ఉన్న నా కొడుకు ఓబులేసుకు మిస్డ్ కాల్ ఇచ్చాను. వాడు వెంటనే చేశాడు.

"ఏందిమా?"

"ఏం ల్యా. ఒక కన్ను మూసుకునింది."

"ఒక కన్ను మూసుకునేదేందిమా! ఎన్ని దినాలాయ?"

"సింహం రాయించినాలే."

వాడు ఫోను పెట్టేశాడు. మధ్యాహ్నానికి బండి మీద వచ్చి నిలబడ్డాడు. చింతపండు ఎత్తిపెట్టి పోదామంటే కూడా వినలేదు.

నంద్యాల కంటి ఆసుపత్రిలో కూర్చున్నవాళ్ళందరికీ ఏదో ఒక కంటికి కట్టు ఉంది. నా పక్కన పగిడ్యాల నుంచి వచ్చిన ఒక ఆడమనిషి కూర్చుంది. శుక్లాలు తీయించుకుందట. ఫ్యాను కింద తన తావు నాకిచ్చి తాను గోడవైపు జరిగింది.

"మొహం మీద ఏందక్కా ఆ బొమ్మ? కుక్కనా?" అంది.

"సింహం."

"అట్లనా. నాకు ఒక కన్నే కదా, కుక్క మాదిరి కనపడె."

నాకు రెండు కళ్ళూ మూసుకుని ఏడవాలని ఉంది. అయినా నవ్వొచ్చింది. గోడ మీద నంబరు మారినప్పుడల్లా ఆమే చూసి, నా వంతు రాగానే చెయ్యి పట్టుకుని గది దాకా తీసుకుపోయింది. పేరు అడగలేదు. ఇప్పుడు అడగాల్సిందనిపిస్తుంది.

డాక్టరమ్మ చిన్న పిల్ల. తడి దూదితో కావిమట్టి అంతా తుడిచింది. లైటు పెట్టి చాలాసేపు చూసింది.

"అమ్మా, ఇది నరానికి వచ్చే జబ్బు. పొక్కు లేచిన మొదట్లోనే మాత్రలు పడితే తేలిక. సింహానికి ఇచ్చిన రోజులు మాకు ఇచ్చి ఉండాల్సింది," అంది.

"కన్ను పోతాదా?" అన్నాను.

"నల్లగుడ్డుకు వాపు వచ్చింది. చూపు ఎంత నిలుస్తుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. మాత్రలు మింగాలి, గంట గంటకూ చుక్కలు పడాలి. పడితే నిలిచే దారి ఉంది."

తర్వాత ఆమె అడిగిన మాటే ఈ కథకంతా మూలం. ఇంట్లో ఆటలమ్మ పోయని పిల్లలు ఎవరైనా ఉన్నారా అంది. ఓబులేసు, "మా పాప ఉంది మేడమ్. ఎనిమిదో తరగతి. టీకా కూడా వేయించలే," అన్నాడు.

"పొక్కులు ఎండి చెక్కులు రాలేదాకా ఆ పాప ఈమె దగ్గరికి రాకూడదు. ఈ పొక్కుల నుంచి పాపకు ఆటలమ్మ పోస్తుంది."

*ఏప్రిల్, నంద్యాల*

ఆ పాప పేరు చైత్ర. నా కొడుకు కూతురు. ప్రతి ఎండాకాలం బడి మూయగానే ఆళ్లగడ్డకు నా దగ్గరికి వస్తుంది. నా పక్కలోనే పడుకుంటుంది, నా పైటకొంగు చేతికి చుట్టుకుని. ఈ ఎండాకాలం నేనే తన ఇంటికి వచ్చాను. వచ్చి బియ్యం మూటలు పెట్టుకునే వెనక గదిలో, మూసిన తలుపు వెనక పడుకున్నాను. నా కంచం వేరు, నా చెంబు వేరు. పాప రోజుకోసారి తలుపు అవతల నిలబడి, "ఎట్లుంది జేజీ?" అని అడిగేది. నేను బాగుందనేదాన్ని. అంతే.

కోడలు సునీత విత్తనాల కంపెనీ ఆఫీసుకు పోతుంది. కొడుకు బండల పాలిష్ ఫ్యాక్టరీకి పోతాడు. గంటగంటకూ చుక్కలు వేసే మనిషి లేదు. అందుకని సునీత వాళ్ళమ్మ ఆత్మకూరు నుంచి వచ్చింది. వియ్యపురాళ్ళం కాబట్టి ఒకరినొకరం వదినా అనుకుంటాం. ఆమె హైస్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరైంది. చీర కింద తెల్ల గుడ్డబూట్లు వేసుకుంటుంది. ఆమెకు చిన్నప్పుడే ఆటలమ్మ పోసింది, చెంప మీద గుంట ఇంకా ఉంది. అందుకని ఆమె నా గదిలోకి రావచ్చు.

నా పాప దగ్గరికి నేను పోకూడదు. ఆమె పోవచ్చు. ఆమె రెండు వైపులకూ పోవచ్చు.

ఆమె వచ్చిన మరుసటి పొద్దున, పాలు రాకముందే హాల్లో టీవీ మోగింది. జనం అరుపులు, ఈల, నేల మీద ఎలుకలు అరిచినట్టు కిర్రు కిర్రుమని చప్పుడు. ఆ చప్పుడు మధ్యలో చైత్ర గొంతు: "అవ్వా! చూడవ్వా! చూస్తివా!"

మా ఇళ్ళలో తండ్రి తల్లి జేజి, తల్లి తల్లి అవ్వ. అంటే ఆ పిలుపు నాకు కాదు.

వదిన చుక్కలు వేయడానికి వచ్చినప్పుడు అడిగాను. "ఏంది ఆ రభస?"

"బాస్కెట్‌బాల్ వదినా. అమెరికా ఆట. ఆడ రాత్రిపూట ఆడ్తారు, మనకు పొద్దున్నే వస్తాది. పాప ఈ పెద్దాటల కోసరం సంవత్సరమంతా కాసుకోనుంటాది."

"నిలబెట్టి సాయంత్రం చూస్తే కాదా? బంతి అదే కదా."

"సాయంత్రానికి ఎవురు గెలిచిందో తెలిసిపోయింటాది. ఇప్పుడైతే వాళ్ళకీ తెలీదు, మనకీ తెలీదు. పైకి చూడు."

ఆట ఎక్కువసేపు ఆగినప్పుడే ఆమె నా దగ్గరికి వస్తుందని రెండు మూడు రోజుల్లో కనిపెట్టాను. నాలుగు భాగాల ఆట అది. భాగం అయిపోగానే ఈల, పాటలు, ఆ వెంటనే కొళాయి కింద సబ్బుతో చేతులు కడిగే చప్పుడు, ఆ వెంటనే నా తలుపు. గంట దాటనిచ్చేది కాదు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. కానీ పడుకున్న మనిషికి గడియారం కనపడదు, ఈల వినపడుతుంది.

"ఆట ఆగిందా?" అన్నాను ఒకరోజు.

"ఆగింది. పైకి చూడు."

"ఆగకపోతే వచ్చేదానివి కాదా?"

"నోరు కాదు వదినా, కన్ను తెరువు."

ఆమె చెయ్యి తేలిక. కింది రెప్పను వేలి కొనతో లాగి, చుక్క సరిగ్గా లోపల పడేస్తుంది. ఒక్కటి కూడా వృథా పోదు. పొదుపైన చెయ్యి అది, నాకు నచ్చాల్సిన చెయ్యి. నచ్చకపోగా ఒళ్ళు మండేది. ఆ వేళ్ళు ఇప్పుడే నా పాప జడ వేసి వచ్చాయి అనుకునేదాన్ని.

తలనొప్పిగా ఉంది, టీవీ చప్పుడు తగ్గించమని సునీతతో చెప్పాను. వెంటనే తగ్గించారు. అప్పుడు ఆట చప్పుడు పోయి వాళ్ళిద్దరి గుసగుసలు వినపడసాగాయి. మాట తెలియదు, నవ్వు తెలుస్తుంది. అరుపులే నయమనిపించింది. రెండు రోజులు ఓర్చుకుని, "ఎట్లుండెనో అట్లనే పెట్టుకోండి. నాకేం ఇబ్బంది ల్యా," అన్నాను.

సునీత తలుపు సందులోంచి చూసి, "తలనొప్పి తగ్గిందా అత్తా?" అంది.

"ఎక్కువైంది. పెట్టుకోండి."

ఇంకో పని కూడా చేశాను. వాళ్ళిద్దరూ ఆకుపచ్చ బనీన్ల జట్టు కోసం అరుస్తారని వదిన మాటల్లో అర్థమైంది. ఆ రోజు నుంచి ఎదుటి జట్టు ఏదైతే అది నాది. ఆ జట్టు పేరు తెలియదు, ఊరు తెలియదు, ఒక్క మనిషిని కూడా చూడలేదు. హాల్లో "అయ్యో" అని వినపడితే నేను మంచం మీద తల ఊపేదాన్ని. ఒకరోజు ఆకుపచ్చ జట్టు ఓడిపోయి పాప ఏడ్చింది. నాకు ఆ పూట అన్నం సహించింది. పత్యం మెతుకులే అయినా.

అట్లాగని కన్నును మరిచిపోయిందీ లేదు. రోజూ పొద్దున ఎడమకన్ను అరచేత్తో మూసి, కుడికంటితో కిటికీ వైపు చూసేదాన్ని. మొదట్లో ఏమీ లేదు. తర్వాత పాలనీళ్ళ రంగు. ఆ తర్వాత కిటికీ కమ్మీలు ఉన్నట్టూ లేనట్టూ. ఎవరికీ చెప్పలేదు. చెబితే వదిన చేతికి పేరు వస్తుందని.

*మే*

చెక్కులు రాలిపోయాయి. వేపాకు నీళ్ళతో తలస్నానం చేయించి నన్ను హాల్లోకి తెచ్చారు. నల్లద్దాలు పెట్టారు. పాప పరుగెత్తుకొచ్చి నన్ను కరుచుకుంది. ఆ ఒక్క నిమిషం నాకు జబ్బే లేదు.

మరుసటి పొద్దున ఆట దగ్గర కూర్చున్నాం. సోఫాలో నడుమ పాప. పాపకు కుడిపక్క వదిన, ఎప్పుడూ కూర్చునే తావు. నాకు ఎడమపక్క ఇచ్చారు. అట్లా కూర్చుంటే పాప నా కుడికంటి వైపుకు వస్తుంది. టీవీ కనపడుతుంది, ఆకుపచ్చ బనీన్లు కనపడతాయి, తాటిచెట్ల లాంటి మనుషులు ఎగిరి దూకేది కనపడుతుంది. పక్కన ఉన్న పాప మాత్రం కనపడదు. తల పూర్తిగా తిప్పి చూస్తే, పాప ముఖం అవతలికి తిరిగి ఉండేది. వదినతో మాట్లాడుతూ ఉండేది.

ఒక కన్నుతో బతకడం ఎట్లాంటిదో రెండు కళ్ళవాళ్ళకు తెలియదు. దూరం దగ్గర తెలియదు. బంతి గుండ్రంలో పడిందో దాని ముందు నుంచి పోయిందో నాకు తెలిసేది కాదు, వాళ్ళు అరిస్తే తెలిసేది. మజ్జిగ గ్లాసులో పోస్తున్నాననుకుని బల్ల మీద పోశాను. రెండోసారి పోసేటప్పుడు వదిన ఏమీ అనకుండా గ్లాసును ధార కిందికి జరిపింది. అనకపోవడం చూసి నాకు ఇంకా కోపమొచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

పాప రాత్రిళ్ళు అవ్వ పక్కన పడుకుంటోంది. "నీ కన్నుకు చెయ్యి తగుల్తాదేమోనని భయం జేజీ," అంది. నిజమే అయ్యుంటుంది. కుళ్ళుకు నిజంతో పని లేదు.

ఒక పొద్దున ఆకుపచ్చ జట్టు చివరి క్షణంలో గెలిచింది. పాప ఎగిరి అవ్వ మెడ చుట్టూ చేతులు వేసి, "అవ్వా, నువ్వు చెప్పినట్లే అయింది!" అని ముద్దు పెట్టింది. దాని కాలు నా మోకాలికి తగిలింది. అది కూడా చూసుకోలేదు.

పాప స్నానానికి పోయాక నేను అన్నాను. "ఆత్మకూరు ఇంటికి తాళమేసి ఎన్ని దినాలాయ వదినా? చెదలు పట్టవా?"

వదిన నా వైపు చూసింది. "నన్ను పొమ్మంటాండావా?"

"పొమ్మనేకి ఇది నా ఇల్లా? నా కొడుకిల్లు."

ఆమె గొడవ పడలేదు. సంచీ సర్దుకుంది, బూట్లు కట్టుకుంది. పోయే ముందు చుక్కల సీసా నా చేతిలో పెట్టి, "పాప చేత ఏయించుకో. చూపించినా," అంది. మధ్యాహ్నం బస్సుకు పోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. సునీత వంటగదిలో ఏడ్చింది. ఓబులేసు నా మంచం పక్కన కూర్చుని, "ఆయమ్మ నీకేం తక్కువ చేసిందిమా?" అన్నాడు.

"తక్కువ చేయల్యా. అదే."

వాడికి అర్థం కాలేదు. మగవాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

మరుసటి పొద్దున సోఫా అంతా నాదే. పాప వచ్చింది, కూర్చుంది, చెవుల్లో వైర్లు పెట్టుకుంది. టీవీకి చప్పుడు లేదు. మనుషులు ఎగురుతున్నారు, దూకుతున్నారు, నోళ్ళు తెరుస్తున్నారు.

"ఎవురు గెలుస్తాండారు పాపా?"

వినపడలేదు. లేకపోతే వినపడింది.

"చుక్కలు ఏయనా?" అని మాత్రం వేళకు అడిగేది, నా ముఖం వైపు చూడకుండా.

"నాకు చేతుల్లేవా?" అనేదాన్ని.

*జూన్*

నా చేతులతోనే వేసుకున్నాను. తల పైకెత్తి సీసా పట్టుకుంటే అది కంటికి ఎంత దూరంలో ఉందో తెలిసేది కాదు. ఒకటి రెప్ప మీద, ఒకటి చెంప మీద. పడని చుక్కను చూస్తే ప్రాణం ఉసూరుమనేది, ఇంకోటి వేయడానికి మనసొప్పేది కాదు. తడి తగిలింది కదా, చాల్లే అనుకునేదాన్ని. కొన్నాళ్ళకు కన్ను మళ్ళీ ఎర్రబడింది. కిటికీ కమ్మీలు మాయమై పాలనీళ్ళ రంగు తిరిగొచ్చింది. ఎడమకన్ను మూసి చూసిన ఆ పొద్దున ఆసుపత్రికి తీసుకుపొమ్మని ఓబులేసుకు నేనే చెప్పాను.

డాక్టరమ్మ లైటు పెట్టి చూసి, "చుక్కలు ఎవరు వేస్తున్నారమ్మా?" అంది.

"నేనే."

"ఇప్పుడు వేసి చూపించండి."

వేశాను. చెంప మీద పడింది. ఆమె సీసా తీసుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. ఎప్పుడో అయిపోవాల్సిన సీసా సగానికి పైగా ఉంది.

"సీసాలో దాచుకుంటే కంట్లో పనిచేస్తాయా? మళ్ళీ వాపు మొదలైంది. మళ్ళీ గంట గంటకూ పడాలి. పడితే మొన్నటిదాకా వచ్చిన చూపు నిలుస్తుంది. లేకపోతే అది కూడా ఉండదు." ఓబులేసు వైపు తిరిగింది. "ఇంతకు ముందు వేసినవాళ్ళెవరో చాలా బాగా వేశారు. వాళ్ళనే పిలవండి."

బయట బెంచీ మీద కూర్చున్నాం. ఓబులేసు ఫోను తీశాడు. "నేను చేస్తా అత్తకు."

"వద్దు. పంపించింది నేను."

నా ఫోను తీసి, అలవాటుగా మిస్డ్ కాల్ ఇచ్చాను. రెప్పపాటులో మోగింది.

"ఏం వదినా?"

"ఏం ల్యా. పొరపాటున తగిలింది."

"సరే, పెట్టేస్తా."

"ఉండు. పెద్దాటలు ఆఖరికొచ్చినాయంట. పాప ఒక్కతే కూర్చుంటాంది."

"కన్నెట్లుంది?"

"కన్ను సంగతి ఎత్తినానా నేను?"

ఆత్మకూరు బస్టాండు పక్క ఇల్లు ఆమెది, హారన్లు వినపడుతున్నాయి.

"ఎత్తల్యా. అందుకే అడుగుతాండా."

"నా చేతికి పడల్యా వదినా చుక్క. చెంప మీద పడ్తాంది."

"చెంపకు రోగం లేదు కదా."

"రాకూడదా?"

"నీ కొడుకిల్లు కదా."

ఆ మాట నాకు తగలాలనే అంది. తగిలింది. "నా కొడుకిల్లే. నేనే పిలుస్తాండా," అన్నాను.

"మొదటి బస్సుకొస్తా. పాత సీసా పారేయమను. దాచిపెట్టుకోవద్దు, నీ గుణం నాకు తెలుసు."

చెప్పినట్టే వచ్చింది. సంచీ దించి, కొళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కుని, అప్పుడు పలకరించింది. పాప ఆమెను పట్టుకుని వదల్లేదు. నేను చూస్తూ కూర్చున్నాను. బాగున్నది నాకు అని రాస్తే అబద్ధం.

మరుసటి పొద్దున ఆటకు కూర్చునేటప్పుడు వదిన తన తావుకు పోతుంటే చెప్పాను. "నువ్వు ఆ పక్క కూచో. నాకు ఈ పక్క కావాల."

"ఏందికి జేజీ?" అంది పాప.

"నాకుండే మంచి కన్ను ఎడమది. ఆడ కూచుంటే నువ్వు కనపడవు."

పాప నోరు తెరిచి అట్లాగే చూసింది. "నెల పొద్దు ఆడనే కూచుంటివే! ముందే చెప్పొచ్చు కద!"

"నువ్వడిగినావా?"

వదిన ఎడమపక్కకు పోయింది. పోతూ, "మీ జేజి అడిగేది కూడా మిస్డ్ కాలే పాపా, మనమే తిరిగి చేయాల," అంది. పాప నవ్వింది. నేను నవ్వలేదు, నవ్వొచ్చినా.

ఆఖరి ఆట రోజు. గెలిచినవాళ్ళకు ఆ సంవత్సరం కప్పు. ఆకుపచ్చ జట్టూ పసుపు జట్టూ. పాప పళ్ళు కూడా తోముకోలేదు. సునీత కూడా ఆఫీసుకు ఆలస్యమైనా వంటగది గడప మీద నిలబడింది. నేను ఎదుటి జట్టును వదిలేసి చాలా రోజులైంది. పాప ఏడిస్తే కనపడే మంచి కన్ను ఇప్పుడు పాప వైపే ఉంది మరి.

ఆ ఆటలో చివరి రెండు నిమిషాలు అంటారు, పొయ్యి మీద పప్పు ఉడికేంత సేపు పడుతుంది. ఆగుతారు, మాట్లాడుకుంటారు, మళ్ళీ ఆడతారు. ఇద్దరివీ సమానం. ఆకుపచ్చ జట్టు చేతిలో బంతి ఉంది. ఇంకొక్కసారి వేస్తే అయిపోతుంది.

వదిన ఫోనులో చుక్కల వేళ మోగింది.

ఆమె అప్పటికే లేచింది. కొళాయి చప్పుడు వినపడింది.

"అవ్వా, ఇప్పుడొద్దు! ఇంక ఒక్క షాటే!" అని పాప అరిచింది.

"ఆట ఆగినాంక ఏద్దువులే వదినా," అన్నాను నేను కూడా. మనసులో మాటే అన్నాను.

"ఆట ఎప్పుడాగుతాదో నాకేం తెలుసు? నాకు గంటే తెలుసు. పైకి చూడు."

నల్లద్దాలు తీసింది. టీవీకి వీపు పెట్టి నా మీదికి వంగింది. ఆమె భుజం అడ్డమొచ్చి ఆకుపచ్చా పసుపూ అన్నీ పోయాయి. కింది రెప్పను వేలితో లాగింది. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దమైంది, టీవీలో జనం కూడా. ఆమె తల తిప్పుతుందేమో అని చూశాను. అంత దగ్గరికి వచ్చింది కాబట్టి కుడికంటికి కూడా ఆమె ముఖం తెలుస్తోంది, చెంప మీది గుంటతో సహా. ఆమె చూపు నా కంటి మీదే ఉంది. చుక్క చల్లగా లోపల పడింది.

అదే క్షణంలో టీవీ బద్దలైనట్టు మోగింది. పాప కెవ్వుమంది, సునీత గడప మీంచి చప్పట్లు కొట్టింది. వదిన వేలు నా రెప్ప మీంచి కదల్లేదు. చుక్క సర్దుకునేదాకా పట్టుకుని, తర్వాత వదిలింది.

పాప మా ఇద్దరి ముందుకు వచ్చి గెంతుతోంది. "చూసినారా? జేజీ, అవ్వా, చూసినారా?"

వదిన సీసా మూత కోసం తడుముకుంటూ నోరు తెరిచింది.

"చూసినాం," అని ఆమె కంటే ముందు నేనే అన్నాను.